వారానికి రెండు రోజుల గురువు

మన పట్టణాలలోనే కాదు, ఇప్పుడు మండల కేంద్రాలలో సైతం తరచుగా కనిపిస్తున్న దృశ్యమిది. అసర్ నమాజు వేళ దాటగానే పాఠశాల ఆవరణలోనో, షాదీఖానా ముందున్న ఖాళీ స్థలంలోనో తెల్లని దుస్తులు ధరించి, నడుముకు రంగుపట్టీలు బిగించుకున్న పిల్లలు బారులు తీరి నిలుచుంటారు. ఐదారేళ్ల పసివాళ్లు కూడా వారిలో ఉంటారు. జిల్లా కేంద్రం నుండి బస్సులోనో, మోటారు సైకిలు మీదనో ఒక మాస్టారు వస్తారు. వారానికి రెండు రోజులు, రోజుకొక గంట. మిగిలిన రోజుల్లో ఆయన వేరే ఊళ్లలో, వేరే పాఠశాలల్లో ఉంటారు. కొన్ని నెలలకొకసారి ఆయనకు గురువైన పెద్ద మాస్టారు హైదరాబాదు నుండో, చెన్నై నుండో విచ్చేసి, పరీక్ష నిర్వహించి, పట్టీల రంగు మార్చి వెళతారు.

ఈ విషయమై ఒక సోదరి రాసిన ఉత్తరం మా ముందున్నది. సారాంశమిది: “ఏడేళ్ల మా అబ్బాయిని పాఠశాలలోనే కరాటేకు చేర్పించాము. తరగతి మొదట్లోనూ, చివరలోనూ మాస్టారు ముందు వంగాలట. అది మన ధర్మంలో లేదని, వంగవద్దని మావారు అబ్బాయికి చెప్పి పంపారు. వాడు వంగలేదు. మాస్టారు మైదానం చుట్టూ పదిసార్లు పరుగెత్తించారు. పిల్లవాడు ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. కరాటే మాన్పించమంటారా? చిన్నపిల్లవాడే కదా అని వంగనివ్వమంటారా?”

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఉన్నది. అయితే ఆ సోదరి అడగని మూడో విషయం ఆ ఉత్తరంలోనే ఉన్నది. వంగవద్దని తండ్రి చెప్పాడు. వంగవలసిందేనని మాస్టారు అన్నారు. ఈ పెద్దలిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు, ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు. వారిద్దరి మధ్య తేలవలసిన వ్యవహారాన్ని ఏడేళ్ల బాలుడు ఒంటరిగా, తోటి పిల్లలందరి ఎదుట మోయవలసి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పది చుట్లూ అబ్బాయివి కావు, వాళ్ల నాన్నగారివి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రతి వ్యక్తినీ కాపరితో పోల్చి, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతడు ప్రశ్నించబడతాడని హెచ్చరించారు. ఆ హదీసులో ఇంటి యజమానిని గురించి, ఇల్లాలిని గురించి విడివిడిగా ప్రస్తావన వస్తుంది (బుఖారీ, ముస్లిం). కాపరి తన మందను ఒక పూట వేరొకరికి అప్పగించవచ్చు. కాని సాయంత్రం లెక్క చూసుకోవలసింది అతడే. ఫీజు చెల్లించి, దుస్తులు కొనిచ్చి, గేటు దగ్గర దింపి వెళ్లిపోవడంతో తర్బియత్ బాధ్యత మాస్టారుకు బదిలీ అయిపోదు.

ఇక అసలు ఈ విద్య నేర్పించవచ్చునా అని సందేహించే పెద్దలు కూడా మనలో ఉన్నారు. ఆ సందేహానికి ఎక్కువ చోటు లేదు. బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే అల్లాహ్‌కు ప్రియమైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉన్నదని మహాప్రవక్త (స) తెలిపారు (ముస్లిం). పండుగ రోజున హబషీలు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే ఆయన వారించలేదు సరికదా, హజ్రత్ ఆయిషా (రజి) తమ వెనుక నిలబడి తనివితీరా చూసే దాకా అక్కడే ఉన్నారు (బుఖారీ). ఉహద్ యుద్ధానికి బయలుదేరేటప్పుడు జరిగిన ఒక సంఘటనను సీరత్ గ్రంథాలు పేర్కొంటాయి. పదిహేనేళ్ల రాఫె బిన్ ఖదీజ్ (రజి) మంచి విలుకాడని విని ఆయనకు అనుమతి ఇచ్చారు. అది చూసి సమురా బిన్ జుందుబ్ (రజి) తాను కుస్తీలో రాఫెను పడగొట్టగలనని విన్నవించుకున్నారు. ఇద్దరికీ కుస్తీ పెట్టించారు. సమురా గెలిచారు, ఆయనకూ అనుమతి లభించింది. అదే ఉహద్‌కు పద్నాలుగేళ్ల అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) వస్తే మాత్రం వెనక్కి పంపించారు. ఖందక్ నాటికి పదిహేనేళ్లు నిండిన తరువాతనే అనుమతించారు (బుఖారీ). ఉత్సాహాన్ని మెచ్చుకోవడం, వయసును చూడడం ఈ రెండూ ఒకే చోట ఉన్నాయని గమనించాలి.

కరాటే చరిత్రలో కూడా ఈ వయసు సంగతి ఉన్నది. అది పుట్టిన చోటు జపాన్ దేశపు దక్షిణాన ఉన్న ఒకినావా దీవి. చైనా యుద్ధవిద్యల ప్రభావంతో అక్కడ పెరిగిన ఈ విద్యను చాలాకాలం పెద్దవాళ్లు గుట్టుగా కొద్దిమంది శిష్యులకు మాత్రమే నేర్పేవారు. 1901 ప్రాంతంలో ఇతోసు ఆన్‌కో అనే గురువు దీనిని ఒకినావా పాఠశాలల్లో ప్రవేశపెట్టారు. పిల్లలకు నేర్పవలసి వచ్చినప్పుడు ఆయన విద్యనే మార్చారు. ప్రాణాపాయకరమైన దెబ్బలను పక్కన పెట్టి, శరీర వ్యాయామానికి ప్రాధాన్యమిచ్చి, పినాన్ అనే ఐదు చిన్న విన్యాసక్రమాలను రూపొందించారు. మన ఊళ్లలో చాలాచోట్ల పిల్లలు మొదట నేర్చుకునే ‘హేయాన్’ క్రమాలు అవే, పేరు మాత్రం మారింది. ఆయన శిష్యుడైన ఫునాకోషి గిచిన్ స్వయంగా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. 1922లో టోక్యోకు వెళ్లి ఈ విద్యను జపాన్ ప్రధాన భూభాగానికి పరిచయం చేసింది ఆయనే. ‘చైనా చేయి’ అనే అర్థంతో రాస్తూ వచ్చిన పేరును ‘వట్టి చేయి’ అనే అర్థం వచ్చేలా రాయాలని 1936లో నాహా నగరంలో సమావేశమైన ఒకినావా గురువులు నిర్ణయించారు. చేతిలో ఆయుధం లేకపోవడమే ఈ విద్య పేరు. తాను ముందుగా చేయి ఎత్తకపోవడం దాని నియమమని ఫునాకోషి శిష్యులకు బోధించేవారు.

వంగే ఆచారం కూడా అక్కడి నుండి వచ్చినదే. జపాన్‌లో దీనిని ‘రేయి’ అంటారు. అంగడిలో వర్తకుడు కొనుగోలుదారుకు, విద్యార్థి ఉపాధ్యాయునికి, పొరుగువాడు పొరుగువానికి వంగడం అక్కడి మర్యాద, మనం సలాం చెప్పుకున్నట్లు. మాస్టారు ముందు వంగమన్నవాడు మన పిల్లలతో ఆరాధన చేయిస్తున్నాడని ఆగ్రహించడం న్యాయం కాదు. ఆయన తనకు నేర్పిన పద్ధతిని తాను నేర్పుతున్నాడు, అంతే. అయినా మర్యాద కోసమైనా సరే, వంగే విషయంలో మనకు స్పష్టమైన మార్గదర్శనం ఉన్నది. సోదరుడు గాని, మిత్రుడు గాని ఎదురైనప్పుడు వంగవచ్చునా అని ఒక వ్యక్తి ప్రశ్నించగా దైవప్రవక్త (స) వద్దన్నారు. కరచాలనం చేయవచ్చునా అని అడిగితే అవునన్నారు (తిర్మిజీ). మన ఉలమాలు ఈ హదీసును ఆధారం చేసుకునే, సలాం చేసేటప్పుడు సైతం వంగడాన్ని వారించారు. రుకూ, సజ్దాలు అల్లాహ్‌కు ప్రత్యేకం.

ఇందులో కూడా స్థాయీ భేదాన్ని గుర్తించాలి. నిలబడి తల కొద్దిగా వంచడం ఒకటి. మోకాళ్లపై కూర్చుని, అరచేతులు నేలకు ఆనించి, నుదురు నేలను తాకేంతగా వంగడం మరొకటి. గోడకు తగిలించిన గురువు చిత్రపటం ముందు వంగడం ఇంకొకటి. చివరి రెండింటికీ ఒప్పుకోవలసిన పని లేదు. మొదటిదానికి బదులు మరొక మర్యాదను కోరడం ఉత్తమం. నిటారుగా నిలబడి, కుడిచేతిని గుండెపై ఉంచి, మాస్టారు వైపు చూస్తూ గౌరవం తెలపవచ్చు. పిల్లవాడు పెద్దవాడై రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలకు వెళితే అక్కడి నియమాలలో నిలబడి వంగడం ఉంటుంది. ఆ దశకు చేరిన కుటుంబాలు తమకు నమ్మకమైన ఆలిమ్‌ను ముందుగానే సంప్రదించడం మంచిది. కళ్లు మూసుకుని రెండు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టడాన్ని మాత్రం పెద్ద సమస్యగా చేయకండి. ఊపిరిని కుదుటపరచుకోవడానికి మించి అందులో ఏమీ చెప్పించకపోతే, వద్దనడానికి కారణం లేదు.

అయితే ఈ మాట మాస్టారుకు చెప్పవలసింది తండ్రి, లేదా తల్లి. తరగతికి పది నిమిషాలు ముందుగా వెళ్లాలి. పిల్లవాణ్ణి దూరంగా ఆడుకోమని పంపి, ఇద్దరే నిలబడి మాట్లాడాలి. “మాస్టారూ, మావాడికి మీరంటే చాలా గౌరవం. మా ధర్మంలో వంగడమన్నది నమాజులోనే. వాడు గుండె మీద చేయి ఉంచి మీకు గౌరవం తెలుపుతాడు. దయచేసి అనుమతించండి” అంటే, కాదనే మాస్టర్లు అరుదు. పది ఊళ్లు తిరిగి పది రకాల కుటుంబాల పిల్లలకు నేర్పేవారు కనుక ఇలాంటి అభ్యర్థన వారికి కొత్త కాదు. ఒకవేళ ఆయన ససేమిరా అంటే ప్రధానోపాధ్యాయునితో మాట్లాడండి. అక్కడా కుదరకపోతే తగవు పెట్టుకోకుండా పిల్లవాణ్ణి మరో ఆటలో చేర్పించండి. ఈత ఉన్నది, పరుగు ఉన్నది, కబడ్డీ ఉన్నది. ఇప్పటి వరకు వంగిన పిల్లలను మాత్రం ఏదో ఘోరపాపం చేసినట్లు భయపెట్టకండి. యుక్తవయసు వచ్చే దాకా పిల్లల కర్మలపై కలం నడవదని ప్రవక్త (స) మనకు శుభవార్త ఇచ్చి ఉన్నారు.

ఆ ఉత్తరంలోని శిక్ష సంగతి వేరు. మాట వినలేదని ఏడేళ్లవాణ్ణి అలసిపోయే దాకా పరుగెత్తించడం, గుంజీళ్లు తీయించడం, బెత్తంతో పిక్కలపై కొట్టడం, ‘కరాటే అంటేనే కఠినం’ అనే మాటతో చెల్లుబాటు అయిపోతున్నాయి. చెల్లనివ్వకూడదు. పాఠశాలలో బాలలపై శారీరక దండనను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. బయటి నుండి వచ్చిన మాస్టారు పాఠశాల ఆవరణలో ఉన్నంతసేపూ పాఠశాల నియమాలకు లోబడి ఉండవలసిందేనని యాజమాన్యానికి గుర్తు చేయండి. హజ్రత్ అనస్ (రజి) చిన్నతనం నుండి దాదాపు పదేళ్లు దైవప్రవక్త (స) సేవలో గడిపారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన తనను విసుక్కోలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని చెప్పుకున్నారు (బుఖారీ, ముస్లిం). ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై వేలాది హదీసులను ఉమ్మత్‌కు అందించాడు. క్రమశిక్షణ అరుపులతోనే వస్తుందనుకునే గురువులు, తల్లిదండ్రులు కూడా, ఆ చరిత్రను ఒకసారి చదవాలి.

ఇప్పుడు విద్యలోకి వద్దాం. కరాటేలో దెబ్బ వేయడం సులువు. ఆపడం కష్టం. పిడికిలి ఎదుటివాని శరీరానికి వెంట్రుకవాసి దూరంలో ఆగాలి. మంచి మాస్టారు తొలినాళ్లలో ఎక్కువ సమయం దీనిమీదే వెచ్చిస్తాడు. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో దీనికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటి లభించింది. పురుషుల 75 కిలోలపై విభాగం ఫైనల్. ఒకవైపు సౌదీ అరేబియాకు చెందిన తారిక్ హామిదీ, మరోవైపు ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదె. ఇద్దరూ ముస్లింలే. హామిదీ 4-1 తేడాతో ముందంజలో ఉన్నాడు. మరికొంత సేపు నిలదొక్కుకుంటే స్వర్ణం అతనిదే. ఆ క్షణంలో అతడు వేసిన ఎత్తు తన్ను నియంత్రణ లేకుండా ప్రత్యర్థి తలకు మెడకు తగిలింది. గంజ్‌జాదె స్పృహ తప్పి పడిపోయాడు. స్ట్రెచర్‌పై తీసుకువెళ్లారు. న్యాయనిర్ణేతలు చర్చించుకుని హామిదీని అనర్హుడిగా ప్రకటించారు. నేలకొరిగినవానికి స్వర్ణం, పడగొట్టినవానికి రజతం. బాక్సింగులోనైతే పిడికిలి దెబ్బతో ప్రత్యర్థిని అలా పడగొట్టినవాడే విజేత అయ్యేవాడు. కరాటేలో కాలేకపోయాడు.

ఈ కథను మీ పిల్లలకు చెప్పండి. తరువాత ఆ హదీసు కూడా చెప్పండి, కుస్తీలో ఎదుటివాణ్ణి పడగొట్టేవాడు శూరుడు కాదని, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడే శూరుడని ప్రవక్త (స) వివరించిన హదీసు (బుఖారీ, ముస్లిం). పెద్దలకు ఎన్నోసార్లు విని అరిగిపోయినట్లు తోచే ఆ మాట, తెల్లదుస్తులు వేసుకున్న ఎనిమిదేళ్లవానికి సూటిగా అర్థమవుతుంది. ముఖంపై కొట్టడాన్ని దైవప్రవక్త (స) ప్రత్యేకంగా నిషేధించారన్న సంగతి (బుఖారీ, ముస్లిం) పిల్లవానికే కాక మాస్టారుకూ తెలియజేయండి. పిల్లల పోరులో పిడికిలి ముఖానికి తగలకూడదన్నది మంచి శిక్షణలో ఎలాగూ ఉండే నియమమే. మీ పిల్లల తరగతిలో అది పాటిస్తున్నారో లేదో ఒక సాయంత్రం కూర్చుని చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో మనం చేసేదేమిటో కూడా చూసుకోవాలి. చుట్టాలు వస్తే చాలు, “బేటా, మామూకు ఒక కిక్ చూపించు” అంటాము. వాడు గాలిలో తన్నితే చప్పట్లు కొడతాము. రెండు రోజుల తరువాత ఆ తన్ను చెల్లెలి కడుపులో తగిలితే వాణ్ణే కొడతాము. తలుపు చాటున దాగి, అమ్మమ్మ రాగానే కేక పెట్టి మీదికి దూకడం కూడా ఆటే అనిపిస్తుంది. తోటి సహచరుని తాడును పరిహాసానికి తీసి, నిద్రలేచిన అతణ్ణి బెదరగొట్టినప్పుడు, ముస్లింను భయపెట్టడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) వారించారు (అబూ దావూద్). ఇంటికి ఒక నియమం పెట్టండి: నేర్చుకున్నది తరగతిలోనే, లేదా ఖాళీ స్థలంలో ఒంటరిగా సాధన. అన్నదమ్ములపై, అక్కచెల్లెళ్లపై, వీధిలో తోటివారిపై ప్రయోగిస్తే ఆ వారం తరగతి లేదు. ఈ నియమాన్ని మాస్టారుకు చెప్పి ఆయన నోటితో కూడా చెప్పించండి. పిల్లలు మన మాట కన్నా ఆయన మాటనే ఎక్కువ పట్టించుకుంటారని ప్రతి తల్లికీ తెలుసు!

వార్షికోత్సవాలలో జరిగే ఒక వేడుక గురించి చెప్పకుండా ఉండలేము. పిల్లల చేత పెంకులు పగలగొట్టించడం, ఛాతీపై ట్యూబులైట్లు పగలగొట్టడం, పడుకోబెట్టి మీదుగా మోటారు సైకిలు నడపడం. వేదిక కింద నుండి తల్లిదండ్రులు ఫోన్లలో చిత్రీకరిస్తుంటారు. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఎముక పొడవు పెరిగే మెత్తని భాగం ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే ఎముక వంకరగానో, పొట్టిగానో పెరిగే ప్రమాదం ఉన్నదని వైద్యులు హెచ్చరిస్తారు. పిడికిళ్లపై దండాలు తీయించడం, గట్టి వస్తువులపై పదేపదే గుద్దించి చేతులు మొద్దుబార్చడం కూడా చిన్నపిల్లల విషయంలో ఇలాంటివే. వీటికి ‘మా పిల్లవాడు పాల్గొనడు’ అని ముందుగానే చెప్పేయండి. పిల్లవాడు అలుగుతాడు. అలగనివ్వండి.

ఇక మాట్లాడడానికి ఇబ్బందిగా ఉన్నా మాట్లాడవలసిన విషయం. వచ్చి వెళ్లే మాస్టారు ఎవరు? ఆయన ఊరేమిటి, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇంతకు ముందు ఏ పాఠశాలలో నేర్పారు? తరగతిలో చేర్చిన తల్లిదండ్రులలో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేవారు ఎంతమంది? ఈ విద్యలో నిలబడే తీరును సరిదిద్దడానికి శరీరాన్ని తాకవలసి వస్తుంది. అందువల్లనే తరగతి ఎప్పుడూ నలుగురికీ కనిపించే చోట, తెరచిన తలుపుల మధ్య జరగాలి. ‘మీ పిల్లవాడిలో ప్రతిభ ఉన్నది, విడిగా నేర్పుతాను’ అని ఒంటరిగా పిలిస్తే, ఎంత మంచివారైనా సరే, తల్లిదండ్రులలో ఒకరు వెంట ఉండాలి. పరాయి ఊళ్లో పోటీలకు రాత్రి బస చేయవలసి వస్తే కుటుంబం నుండి ఒక పెద్ద తోడుగా వెళ్లాలి. దుస్తులు మార్చుకునే చోటికి పెద్దలు రాకూడదని, ఎవరైనా ఇబ్బందిగా తాకితే గురువైనా, బంధువైనా వెంటనే ఇంట్లో చెప్పాలని, చెబితే ఎవరూ కోప్పడరని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. పద్దెనిమిదేళ్లలోపు వారందరికీ 2012 నాటి పోక్సో చట్టం రక్షణ కల్పిస్తున్నది. 1098 నంబరుకు ఫోను చేస్తే బాలల సహాయ కేంద్రం స్పందిస్తుంది. ఇవి ఏ మాస్టారునూ అనుమానించడం కోసం చెప్పే మాటలు కావు. నిజాయితీపరుడైన గురువు ఇలాంటి ఏర్పాట్లను తన గౌరవానికి కూడా రక్షణగానే భావిస్తాడు.

అమ్మాయిల విషయానికొస్తే, ప్రభుత్వ పాఠశాలల్లో ఆరవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు చదివే బాలికలకు సమగ్ర శిక్ష కింద ‘రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్’ పేరిట మూడు నెలల శిక్షణ ఇప్పిస్తున్నారు. మన అమ్మాయిలు దీనికి దూరంగా ఉండవలసిన అవసరం లేదు. హజ్రత్ ఆయిషా (రజి) ప్రయాణంలో దైవప్రవక్త (స)తో పరుగుపందెం వేసి గెలిచారు. కొంతకాలం తరువాత జరిగిన పందెంలో ఆయన గెలిచి, ఆనాటిదానికి ఇది బదులని సరసమాడారు (అబూ దావూద్). ఎదుగుతున్న అమ్మాయిలకు మహిళా శిక్షకురాలు, వేరుగా తరగతి, నిండైన దుస్తులు కోరడం మన హక్కు. అడిగితే ఏర్పాటు చేసే పాఠశాలలు ఉన్నాయి. నలుగురు తల్లులు కలిసి అడిగితే మరింత తేలిక. ప్రపంచ కరాటే సమాఖ్య తన పోటీలలో ముస్లిం మహిళలకు ఆమోదించిన తలవస్త్రాన్ని అనుమతిస్తున్నది కనుక, హిజాబుతో కరాటే కుదరదనే మాటకు ఆధారం లేదు. టోక్యోలోనే, హామిదీ ఓడిన రోజునే, ఈజిప్టుకు చెందిన ఫర్యాల్ అబ్దుల్ అజీజ్ స్వర్ణం గెలిచి, ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించిన తొలి ఈజిప్టు మహిళగా నిలిచారు.

కాని మూడు నెలల శిక్షణతో పదేళ్ల బాలిక ఎదిగిన పురుషుణ్ణి ఎదిరించగలదని నమ్మించడం ఆ బాలికకు ద్రోహం చేయడమే. బిగ్గరగా అరవడం, చేయి విడిపించుకోవడం, జనం ఉన్నవైపు పరుగెత్తడం, ఇంటికి వచ్చి జరిగింది దాచకుండా చెప్పడం, ఈ నాలుగూ ఆమెకు నిజమైన ఆత్మరక్షణ. చివరిది నేర్పేది మాస్టారు కాదు, తల్లి.

పట్టీల వ్యవహారం గురించి రెండు మాటలు. తెలుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ అంటూ ఒక్కో రంగుకు ఒక్కో పరీక్ష, ఒక్కో ఫీజు. పిల్లలకు ఇది ఉత్సాహాన్నిచ్చే మాట నిజమే. కాని రెండేళ్లలో నల్లపట్టీ హామీ ఇచ్చేవారిని నమ్మకండి. పరీక్ష రాసిన ప్రతి ఒక్కరూ ప్రతిసారీ ఉత్తీర్ణులవుతుంటే అది పరీక్ష కాదు, వసూలు. ప్రశంసాపత్రంపై ‘అంతర్జాతీయ’, ‘ప్రపంచ’ అనే మాటలు ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నాయో చూడడం కంటే, పిల్లవాడు ఆరు నెలల క్రితం కంటే నిలకడగా నిలబడుతున్నాడా, తక్కువగా కోప్పడుతున్నాడా అని చూడండి. తరగతి వేళ మగ్రిబ్‌ను మింగేయకుండా చూడడం, సాయంత్రపు మక్తబ్‌లో ఖుర్ఆన్ పాఠం తప్పకుండా చూడడం కూడా చేర్పించే ముందే తేల్చుకోవలసిన సంగతులు. రెండింటి మధ్యా పిల్లవాణ్ణి నలిపి, చివరికి మక్తబ్ మాన్పించిన ఇళ్లు ఉన్నాయి. మాస్టారుకు ఒక అరగంట ముందుకు జరగడం పెద్ద కష్టమేమీ కాదు, చాలామందికి ఆ అరగంట అడిగినవారే లేరు.

మరొక సంగతి కూడా ఉన్నది. మన పిల్లలకు నేర్పడానికి వచ్చే ఈ మాస్టర్లలో చాలామంది పేదవారు. బస్సు చార్జీలు పోగా చేతికందేది కొంచెం. పిల్లవాడు రెండు తరగతులు రాలేదని ఫీజులో కోత పెట్టడం, సెలవుల నెలకు ఇవ్వకుండా ఎగవేయడం, ‘వచ్చే వారం చూద్దాం మాస్టారూ’ అని మూడు వారాలు తిప్పడం మన బస్తీలలో సాధారణమైపోయింది. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ (ఇబ్నె మాజా) ఈయనకూ వర్తిస్తుంది. ఆయన ఏ మతస్థుడైనా సరే. ఫీజును కవరులో పెట్టి పిల్లవాని చేతికే ఇచ్చి, నెల మొదటి వారంలోనే, రెండు చేతులతో అందించమని చెప్పండి. ఎండలో వచ్చిన రోజున ఒక సీసాడు చల్లని నీళ్లు కూడా వాడిచేతే పంపండి.